వేర్ లేని డిలీట్ ఎక్కడ పడిందో పట్టుకోవడం: పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్లు విప్పి చూసే పద్ధతి

శుక్రవారం సాయంత్రం, ఆరున్నర దాటింది, బ్యాగ్ సర్దుకుంటుంటే పక్క టీం కుర్రాడు వచ్చి "అన్నా, ఆర్డర్స్ టేబుల్ ఒకసారి చూడవా" అన్నాడు. గొంతు వింటేనే సగం అర్థమైపోయింది. క్వెరీ టూల్‌లో రెండు లైన్ల డిలీట్ రాసుకుని, మౌస్‌తో మొదటి లైన్ వరకే సెలెక్ట్ చేసి రన్ కొట్టాడు, ఏ రోలు (వరుసలు) తీయాలో చెప్పే వేర్ ఉన్న రెండో లైన్ అలాగే మిగిలిపోయింది, కొట్టిన వెంటనే మార్పు ఖాయం చేసేసే ఆటోకమిట్ ఆన్‌లో ఉంది. టేబుల్ ఖాళీ. ఎప్పుడు కొట్టావురా అంటే "ఆరు, ఆరుంబావు మధ్యలో అన్నా" అంటాడు, ఆ పావుగంటలో కస్టమర్లు పెట్టిన ఆర్డర్లు కూడా ఉన్నాయి కదా, అందాజాగా టైం వేసి రీస్టోర్ చేస్తే అటైనా పోతుంది ఇటైనా పోతుంది. కరెక్ట్‌గా ఏ ట్రాన్సాక్షన్, లాగ్‌లో ఏ స్పాట్‌లో కమిట్ అయిందో (ఖాయమైందో) కావాలి. అది ఎలా తీయాలో ఆ రాత్రి నేర్చుకున్నదీ, తర్వాత తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నా. పేర్లు, కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నా కానీ టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి, అది మీకు చెప్పక్కర్లేదనుకోండి.

మొదట వాల్ (రైట్ అహెడ్ లాగ్) అంటే ఏంటో రెండు ముక్కల్లో. పాత కిరాణా షాపుల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి, జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో రాసేస్తారు, తీరిక దొరికాక ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్లది ఎక్కిస్తారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా అంతే, వాల్ చిట్టా, టేబుల్ ఫైళ్లు ఆవర్జా. మధ్యలో కరెంటు పోతే చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకుంటుంది. కాకపోతే ఈ చిట్టాలో మనుషుల పేర్లు ఉండవు, మీరు రాసిన ఎస్‌క్యూఎల్ ఉండదు, ఏ యూజర్ కొట్టాడో ఉండదు, టేబుల్ పేరు కూడా ఉండదు. "ఫలానా ఫైల్‌లో ఫలానా పేజీలో రెండో వరుస కొట్టేశాను" అని మాత్రం ఉంటుంది. కాబట్టి మన పని అంతా ఆ నంబర్లని మన భాషలోకి తెచ్చుకోవడమే.

టూల్స్ పట్టుకునే ముందు అర్జెంటుగా చేయాల్సిన పని ఒకటుంది: వాల్ ఫైళ్లు కాపీ తీసి పక్కన పెట్టండి. చెక్‌పాయింట్ (మార్పులన్నీ టేబుల్ ఫైళ్లలోకి ఎక్కించేసే పని) అయ్యాక అవసరం లేని పాత ఫైళ్లని సర్వర్ పేరు మార్చి మళ్లీ వాడేసుకుంటుంది, మీరు తీరిగ్గా డాక్యుమెంటేషన్ చదువుతూ కూర్చుంటే సాక్ష్యం కాస్తా చెరిగిపోతుంది. ఆర్కైవింగ్ (నిండిన వాల్ ఫైళ్లని వేరే చోట దాచుకోవడం) ఆన్‌లో ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు, పీజీ_స్విచ్_వాల్() ఒకసారి పిలిస్తే ఇప్పుడు రాస్తున్న ఫైల్ కూడా ఆర్కైవ్‌కి వెళ్లిపోతుంది. అలాగే ఆ టేబుల్ మీద, చచ్చిన రోలని ఊడ్చేసే ఆటోవాక్యూమ్ ఆపేయండి, ఆల్టర్ టేబుల్‌తో ఆటోవాక్యూమ్_ఎనేబుల్డ్ ఫాల్స్ పెడితే చాలు. డిలీట్ అయిన రోలు వాక్యూమ్ వచ్చేదాకా చాలావరకు పేజీల్లోనే శవాల్లా పడి ఉంటాయి, పీజీ_డర్టీరీడ్ అనే ఎక్స్‌టెన్షన్ ఆ సర్వర్‌లో ముందే వేసి ఉంటే వాటిని నేరుగా చదివేయొచ్చు, ఈ గొడవంతా అక్కర్లేదు. మా దగ్గర లేదు, అందుకే ఈ కథ.

ఇక అడ్రస్‌ల సంగతి. వాల్‌లో ప్రతి రికార్డ్‌కీ ఎల్‌ఎస్‌ఎన్ అని ఒక నంబర్ ఉంటుంది, 3/47000028 లాగా, స్లాష్‌కి అటూ ఇటూ హెక్సా నంబర్లు. ఫైల్ పేరేమో 24 అక్షరాలు, 000000010000000300000047 లాగా. చూడగానే కళ్లు తిరుగుతాయి కానీ 8, 8, 8గా విడగొట్టి చూడండి: మొదటి 8 టైంలైన్ (రికవరీ అయ్యాక మొదలయ్యే కొత్త చరిత్రకి ఇచ్చే నంబర్), మధ్య 8 ఎల్‌ఎస్‌ఎన్‌లో స్లాష్ ముందున్న 3, చివరి 8లో ఉన్న 47 ఏమో స్లాష్ తర్వాతి మొదటి రెండంకెలు. ఫైల్ సైజు డిఫాల్ట్ 16 ఎంబీ ఉన్నప్పుడు ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది, మార్చి ఉంటే కుదరదు, వెర్షన్ 11 నుంచి ఇనిట్‌డీబీ (డేటాబేస్ మొదటిసారి తయారుచేసే కమాండ్) అప్పుడు ఈ సైజు మార్చుకోవచ్చు. నోటితో లెక్క ఎందుకనుకుంటే సర్వర్‌నే అడగండి:

సెలెక్ట్ పీజీ_వాల్‌ఫైల్_నేమ్('3/47000028');

స్టాండ్‌బై (మెయిన్ సర్వర్‌కి కాపీగా నడిచేది) మీద ఈ ఫంక్షన్ పని చేయదు, ప్రైమరీ మీదే కొట్టాలి.

ఈ ఫైళ్లుండే ఫోల్డర్ పీజీ_వాల్. వెర్షన్ 10కి ముందు దాని పేరు పీజీ_ఎక్స్‌లాగ్, పేరులో లాగ్ ఉంది కదా ఏదో లాగ్ ఫైళ్లేలే అని డిస్క్ నిండినప్పుడు జనం డిలీట్ కొట్టేసి డేటాబేస్‌ని చంపుకునేవాళ్లు, ఆ బాధ పడలేకే పేరు మార్చారు. అప్పుడే పీజీ_ఎక్స్‌లాగ్‌డంప్ కాస్తా పీజీ_వాల్‌డంప్ అయింది. మన మెయిన్ టూల్ ఇదే.

ప్రొడక్షన్ ఫైల్ మీద డైరెక్టుగా దూకకుండా లాప్‌టాప్‌లో చిన్న టేబుల్ పెట్టి ఒకసారి చూసుకోండి, కంటికి అలవాటవుతుంది. రెండు రోలు ఇన్సర్ట్ చేసి, పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్() విలువ నోట్ చేసుకుని, డిలీట్ కొట్టి, ఆ ఎల్‌ఎస్‌ఎన్ నుంచి డంప్ తీయండి:

పీజీ_వాల్‌డంప్ -పి /డేటా/పీజీ_వాల్ -ఎస్ 0/01552120

ఇలాంటివి వస్తాయి, నేను కొంచెం కుదించా:

హీప్, లెన్ 54/54, టీఎక్స్ 738, ఎల్‌ఎస్‌ఎన్ 0/01552120, డిలీట్ ఆఫ్ 1, రెల్ 1663/5/16384 బ్లాక్ 0
హీప్, లెన్ 54/54, టీఎక్స్ 738, ఎల్‌ఎస్‌ఎన్ 0/01552158, డిలీట్ ఆఫ్ 2, రెల్ 1663/5/16384 బ్లాక్ 0
ట్రాన్సాక్షన్, లెన్ 34/34, టీఎక్స్ 738, ఎల్‌ఎస్‌ఎన్ 0/01552190, కమిట్, పక్కన తేదీ, టైం

మొదటి మాట రిసోర్స్ మేనేజర్, అంటే లాగ్‌లో ఇది రాసిన డిపార్ట్‌మెంట్ అనుకోండి: హీప్ అంటే టేబుల్ డేటా, బీట్రీ అంటే ఇండెక్స్, ట్రాన్సాక్షన్ అంటే కమిట్, అబార్ట్. 1663/5/16384లో 1663 డిఫాల్ట్ టేబుల్‌స్పేస్, 5 డేటాబేస్ నంబర్, 16384 టేబుల్ ఫైల్ నంబర్. టీఎక్స్ అంటే ట్రాన్సాక్షన్ నంబర్, బ్లాక్ అంటే పేజీ నంబర్, ఆఫ్ అంటే ఆ పేజీలో ఎన్నో ఐటమ్ అన్నది. 54/54 అని రెండు సార్లు ఎందుకుంది అంటే, రికార్డ్ సొంత సైజు ఎంత, పేజీ మొత్తం కాపీతో కలిపితే ఎంత అని, ఇది తర్వాత పనికొస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, టైం ఉండేది ముఖ్యంగా కమిట్, అబార్ట్ రికార్డుల్లో, డిలీట్ లైన్‌లో టైం కోసం వెతక్కండి, ఉండదు. డిలీట్ అయిన రోలో ఏముందో కూడా ఉండదు, లొకేషన్ మాత్రమే. లాగ్ చూస్తే డేటా తిరిగొస్తుందనుకునేవాళ్లు ఇక్కడే డీలా పడిపోతారు, లాగ్ మనకి చెప్పేది ఎక్కడ ఆగాలో మాత్రమే, డేటా బ్యాకప్‌లోంచి రావాలి.

ఇప్పుడు అసలు వేట. ముందు మన టేబుల్ ఫైల్ నంబర్ కావాలి:

సెలెక్ట్ పీజీ_రిలేషన్_ఫైల్‌పాత్('ఆర్డర్స్');

బేస్/16401/24610 అని వచ్చిందనుకుందాం, అంటే లాగ్‌లో 1663/16401/24610 కోసం చూడాలి. ఇక్కడొక మెలిక, ఈ నంబర్ శాశ్వతం కాదు, ట్రంకేట్ చేసినా వాక్యూమ్ ఫుల్ చేసినా మారిపోతుంది, కాబట్టి డిలీట్ జరిగాక ఎవరైనా అతి తెలివితో వాక్యూమ్ ఫుల్ కొట్టలేదు కదా అని కనుక్కోండి. తర్వాత ఆ టైంకి దగ్గరగా మార్పు తేదీ ఉన్న ఫైళ్లు నాలుగైదు ఎంచుకుని, మొదటిదీ చివరిదీ ఇచ్చి, టేబుల్‌కి ఫిల్టర్ పెట్టి, ఏ ట్రాన్సాక్షన్ ఎన్ని డిలీట్లు చేసిందో లెక్కేయండి:

పీజీ_వాల్‌డంప్ -పి /కాపీ/వాల్ --రిలేషన్=1663/16401/24610 మొదటిఫైల్ చివరిఫైల్ | గ్రెప్ 'డిలీట్' | గ్రెప్ -ఓ 'టీఎక్స్: *[0-9]*' | సార్ట్ | యూనిక్ -సి | సార్ట్ -ఎన్‌ఆర్ | హెడ్

రిలేషన్ ఫిల్టర్ వెర్షన్ 15 నుంచే ఉంది, అంతకు ముందువైతే -ఆర్ (చిన్న అక్షరం) హీప్ పెట్టి ఆ నంబర్ కోసం గ్రెప్ కొట్టుకోవడమే. మామూలుగా ఒక్కో ట్రాన్సాక్షన్ ఒకటో రెండో డిలీట్లు చేస్తుంది, మన దొంగ మాత్రం నలభై వేలతో పైన కూర్చుని ఉంటాడు, చూడగానే దొరికిపోతాడు. దొరికాక ఆ నంబర్‌తో కమిట్ వెతకాలి:

పీజీ_వాల్‌డంప్ -పి /కాపీ/వాల్ -ఆర్ ట్రాన్సాక్షన్ -ఎక్స్ 918273 మొదటిఫైల్ చివరిఫైల్

ఒక లైన్ వస్తుంది, అందులో ఎల్‌ఎస్‌ఎన్, టైం ఉంటాయి, రెండూ రాసుకోండి. ఒక్కోసారి ఏమీ రాదు. డిలీట్ గనక సేవ్‌పాయింట్ లోపలో, ఎక్సెప్షన్ బ్లాక్ ఉన్న ప్రొసీజర్ లోపలో జరిగి ఉంటే దానికి సబ్ ట్రాన్సాక్షన్ నంబర్ వేరేగా ఉంటుంది, దాని పేరు మీద కమిట్ ఉండదు, మెయిన్ ట్రాన్సాక్షన్ కమిట్ లైన్‌లో సబ్‌ఎక్స్‌యాక్ట్స్ అని లిస్టులో కనపడుతుంది. అప్పుడు -ఎక్స్ తీసేసి ఆ నంబర్‌ని మామూలు గ్రెప్‌తో వెతకండి. ఇది తెలియక "కమిట్ అవ్వలేదు, రోల్‌బ్యాక్ అయిపోయింది" అని సంబరపడితే కథ కంచికే.

టైం దగ్గర ఆ రాత్రి మేం అరగంట పోగొట్టుకున్నాం. నేను ఫైళ్లు లాప్‌టాప్‌లోకి దింపుకుని డంప్ తీస్తే కమిట్ టైం 18:04 అని వచ్చింది, ఇంకో అతను సర్వర్‌లోనే తీస్తే 12:34 అని వచ్చింది, "నువ్వు వేరే ట్రాన్సాక్షన్ చూస్తున్నావు", "కాదు నువ్వే" అని ఫోన్‌లో వాదులాడుకున్నాం. ఫైల్‌లో ఉన్నది ఒకటే, పీజీ_వాల్‌డంప్ దాన్ని ఏ మెషీన్‌లో నడిపితే ఆ మెషీన్ లోకల్ టైంలో చూపిస్తుంది, సర్వర్ యూటీసీ, నా లాప్‌టాప్ ఇండియా టైం, తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లైన్ చివర టైం జోన్ కూడా రాసే ఉంటుంది, ఆ హడావిడిలో అటు చూసిందెవరు! అందుకే నేనిప్పుడు రికవరీకి టైం వాడను, ఎల్‌ఎస్‌ఎన్ వాడతా, దానికి ఊరూ లేదు టైం జోనూ లేదు.

రీస్టోర్ భాగం త్వరగా చెప్పేస్తా. వేరే మెషీన్‌లో, మళ్లీ చెప్తున్నా వేరే మెషీన్‌లో, డిలీట్‌కి ముందు తీసిన బేస్ బ్యాకప్ (మొత్తం డేటా ఫోల్డర్ కాపీ) పెట్టి, రీస్టోర్_కమాండ్ ఆర్కైవ్ వైపు చూపించి, రికవరీ_టార్గెట్_ఎల్‌ఎస్‌ఎన్‌లో ఆ కమిట్ రికార్డ్ ఎల్‌ఎస్‌ఎన్ ఇచ్చి, రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూసివ్ ఆఫ్ చేసి, రికవరీ.సిగ్నల్ అనే ఖాళీ ఫైల్ పెట్టి స్టార్ట్ చేయండి. ఇన్‌క్లూసివ్ ఆఫ్ మర్చిపోతే ఆ కమిట్ కూడా ప్లే అయిపోతుంది, మళ్లీ ఖాళీ టేబులే చూస్తారు. టార్గెట్ యాక్షన్ డిఫాల్ట్‌గా పాజ్, కాబట్టి అక్కడ ఆగి రీడ్ ఓన్లీగా తెరుచుకుంటుంది, టేబుల్‌లో కౌంట్ చూసుకుని, సరిపోతే పీజీ_డంప్‌తో ఆ ఒక్క టేబుల్ తీసి ప్రొడక్షన్‌లో కలుపుకోవడమే. మాకు రాత్రి ఒంటిగంటకి కౌంట్ వచ్చింది, కుర్రాడు అప్పటిదాకా నీళ్లు కూడా తాగలేదు పాపం.

డ్రాప్ టేబుల్ అయితే వెతికే పద్ధతి వేరు. ఆ టేబుల్ మీద హీప్ డిలీట్లు ఉండవు, కమిట్ రికార్డ్‌లోనే రెల్స్ అని ఉండి, పక్కన తీసేసిన ఫైళ్ల పాత్‌లు ఉంటాయి, బేస్/16401/24610 లాగా. ట్రాన్సాక్షన్ రికార్డుల్లో రెల్స్ అని గ్రెప్ కొడితే డ్రాప్‌లు, ట్రంకేట్‌లు బయటపడతాయి. తలనొప్పి ఏంటంటే టేబుల్ లేదు కాబట్టి పీజీ_రిలేషన్_ఫైల్‌పాత్ అడగడానికి ఏమీ ఉండదు, పాత బ్యాకప్‌ని ఎక్కడైనా లేపి అందులో నంబర్ అడగాలి.

వెర్షన్ 15 లేదా ఆ పైన ఉండి, సర్వర్ బతికే ఉంటే ఇంకా సుఖమైన దారి పీజీ_వాల్‌ఇన్‌స్పెక్ట్ ఎక్స్‌టెన్షన్. క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కొట్టి వాల్‌నే టేబుల్‌లాగా క్వెరీ చేయొచ్చు:

సెలెక్ట్ ఎక్స్‌ఐడీ, కౌంట్(*) ఫ్రమ్ పీజీ_గెట్_వాల్_రికార్డ్స్_ఇన్ఫో('3/47000028', '3/52000000') వేర్ రిసోర్స్_మేనేజర్ = 'హీప్' అండ్ రికార్డ్_టైప్ = 'డిలీట్' గ్రూప్ బై 1 ఆర్డర్ బై 2 డెస్క్;

పైపులు, గ్రెప్‌లు ఏమీ లేవు. సూపర్‌యూజర్‌కో పీజీ_రీడ్_సర్వర్_ఫైల్స్ రోల్ ఉన్నవాళ్లకో డిఫాల్ట్‌గా పర్మిషన్ ఉంటుంది. కానీ సర్వర్ దగ్గర పీజీ_వాల్ ఫోల్డర్‌లో ఇంకా మిగిలి ఉన్న ఫైళ్లనే చదవగలదు, ఆర్కైవ్‌కి వెళ్లి ఇక్కడ చెరిగిపోయినవి దీనికి కనపడవు, సర్వర్ లేవకపోతే అసలే లేదు. క్లౌడ్ వాళ్ల మేనేజ్‌డ్ డేటాబేస్‌లో ఫైళ్లు మన చేతికి ఇవ్వరు కాబట్టి పీజీ_వాల్‌డంప్ ప్రశ్నే రాదు, ఈ ఎక్స్‌టెన్షన్ వాళ్ల లిస్టులో ఉందో లేదో ప్రమాదం రాకముందే చూసి పెట్టుకోండి.

భయపెట్టే ఎర్రర్ ఒకటి చెప్పాలి. డంప్ చివర్లో ఇన్‌వాలిడ్ రికార్డ్ లెంగ్త్, వాంటెడ్ 24 (కొత్త వెర్షన్లలో ఎక్స్‌పెక్టెడ్ ఎట్ లీస్ట్ 24), గాట్ 0 అని వస్తుంది, ఫైల్ కరప్ట్ అయిందని కంగారు పడకండి, 24 బైట్లు రికార్డ్ హెడర్ సైజు, అక్కడికి వాల్ అయిపోయింది అని అర్థం అంతే. మధ్య ఫైల్‌లో వస్తే మాత్రం ఆలోచించాలి. ఇంకోటి, ఫోల్డర్‌లో ఇప్పుడు రాస్తున్న దానికంటే పెద్ద నంబర్ ఫైళ్లు కూడా కనపడతాయి, అవి ముందుగా పేరు మార్చి పెట్టుకున్న పాత ఫైళ్లు, వాటిని చదవబోతే చదవలేను అంటుంది. టూల్ వెర్షన్, సర్వర్ మేజర్ వెర్షన్ ఒకటే ఉండాలి, 14 ఫైళ్లని 16 టూల్‌తో తెరవలేరు. .పార్షియల్ అని తోక ఉన్న ఫైళ్లని కూడా చదవదు.

డిలీట్ల వేట కాకుండా ఈ టూల్‌తో నేను ఎక్కువగా చేసే పని ఇంకోటుంది, "వాల్ ఎందుకింత ఉబ్బుతోంది" అన్నది తేల్చడం. దానికి --స్టాట్స్ పెట్టండి, ఇంకా వివరంగా కావాలంటే --స్టాట్స్=రికార్డ్. ఏ డిపార్ట్‌మెంట్ ఎన్ని రికార్డులు, ఎంత సైజు, అందులో పేజీ కాపీలు ఎంత అని పట్టీ వేసి ఇస్తుంది. చెక్‌పాయింట్ అయ్యాక ఒక పేజీని మొదటిసారి ముట్టుకుంటే ఆ 8 కేబీ పేజీ కాపీ మొత్తం వాల్‌లో రాసేస్తుంది, 54 బైట్ల మార్పుకి ఎనిమిది వేల బైట్లు, ఇందాక లెన్‌లో రెండు నంబర్లు ఉన్నాయన్నానే, ఆ తేడా ఇదే. ఎఫ్‌పీఐ (ఫుల్ పేజ్ ఇమేజ్, అంటే ఆ పేజీ కాపీలు) కాలమ్ సగానికి పైన ఉంటే, చెక్‌పాయింట్లు మరీ తరచుగా అవుతున్నాయేమో చూడండి, మ్యాక్స్_వాల్_సైజ్ డిఫాల్ట్ 1 జీబీ, బిజీ సర్వర్‌కి ఏ మూలకీ చాలదు. బీట్రీలో ఎఫ్‌పీఐ ఎక్కువుంటే ప్రైమరీ కీకి ర్యాండమ్ యూయూఐడీ (వరుస లేని పొడవాటి ఐడీ) వాడుతున్నారేమో అడగండి, ప్రతి ఇన్సర్ట్ ఇండెక్స్‌లో ఎక్కడో ఒక కొత్త పేజీని కెలుకుతుంది, వెర్షన్ 18లో టైం వరుసలో వచ్చే యూయూఐడీవీ7() ఇచ్చింది ఇందుకూ పనికొస్తుంది. ఎక్స్‌లాగ్ కింద ఎఫ్‌పీఐ_ఫర్_హింట్ అని గుట్టలుగా ఉంటే, చెక్‌సమ్స్ (పేజీ చెడిందా లేదా పట్టే తనిఖీ) ఆన్‌లో ఉన్న సర్వర్‌లో ఉత్త సెలెక్ట్‌లు కూడా వాల్ రాయిస్తున్నాయని అర్థం, మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు.

ఏ క్వెరీ వల్లో కావాలంటే ఇంత లోతుకి దిగక్కర్లేదు, వెర్షన్ 13 నుంచి పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లో వాల్_బైట్స్ కాలమ్ ఉంది, దాన్ని బట్టి ఆర్డర్ బై వేసుకుంటే పేరుతో సహా దొరుకుతుంది.

వాల్ ఎక్కువ రాయడం వేరు, రాసింది పోకపోవడం వేరు, డిస్క్ నిండినప్పుడు చాలాసార్లు రెండోదే కారణం. అప్పుడు డంప్‌లు తీయకండి, ముందు ఈ రెండు వ్యూలు చూడండి: పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో ఫెయిల్డ్_కౌంట్ పెరుగుతూ ఉంటే ఆర్కైవ్ కమాండ్ చచ్చింది, పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ ఫాల్స్ ఉండి రీస్టార్ట్_ఎల్‌ఎస్‌ఎన్ ఎక్కడో వెనకబడి ఉంటే ఎవరో టెస్టింగ్‌కి చేసి వదిలేసిన స్లాట్ (కాపీ సర్వర్ లాంటివి చదివేదాకా వాల్ దాచి ఉంచే గుర్తు) అన్ని ఫైళ్లనీ పట్టుకుని కూర్చుంది. ఎంత పట్టుకుందో ఇలా తెలుస్తుంది:

సెలెక్ట్ స్లాట్_నేమ్, పీజీ_సైజ్_ప్రెటీ(పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్(పీజీ_కరెంట్_వాల్_ఎల్‌ఎస్‌ఎన్(), రీస్టార్ట్_ఎల్‌ఎస్‌ఎన్)) ఫ్రమ్ పీజీ_రెప్లికేషన్_స్లాట్స్;

అది ఎవరిదో అందరినీ అడిగి, ఎవరిదీ కాదని తేలాకే పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్ కొట్టండి, తర్వాతి చెక్‌పాయింట్‌కి సర్వరే పాత ఫైళ్లు తీసేసుకుంటుంది, మీరు ఆర్‌ఎం (ఫైళ్లు చెరిపే కమాండ్) జోలికి వెళ్లక్కర్లేదు. మళ్లీ ఇలా కాకుండా మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ ఏదో ఒక నంబర్ పెట్టండి, డిఫాల్ట్ -1, అంటే డిస్క్ నిండేదాకా పట్టుకో అని.